పిస్టన్ వేగం ఒకటే, పరుగు వేరు: మిడిల్‌వెయిట్ స్పోర్ట్ బైకుల లోపలి లెక్క

ఒకే కంపెనీ తయారు చేసిన రెండు బైకులను పక్కపక్కన నిలబెట్టి చూడాలి. ఒకటి యమహా వైజెడ్‌ఎఫ్-ఆర్6, 2017లో వచ్చిన రూపం. రెండోది 2021లో వచ్చిన వైజెడ్‌ఎఫ్-ఆర్7. పెట్రోలు, ఆయిలు నిండుగా ఉన్నప్పుడు మొదటిదాని బరువు 190 కిలోలు, రెండోదాని బరువు 188. రెండింటికీ ముందు 120/70, వెనుక 180/55 కొలతల 17 అంగుళాల టైర్లే. ఇంజిను పరిమాణం ఆర్6కు 599 సీసీ, ఆర్7కు 689 సీసీ. పెద్ద ఇంజినుకే ఎక్కువ శక్తి ఉండాలని ఎవరైనా అనుకుంటారు. జరిగింది తలకిందులు. చిన్న ఇంజిను 118 హార్స్‌పవర్ ఇస్తుంది, పెద్ద ఇంజిను 73. తొంభై సీసీ ఎక్కువున్న బైకు నలభై అయిదు హార్స్‌పవర్ వెనకబడింది.

దీన్ని చూసి ఆర్7 ఏదో తక్కువ రకం ఇంజిను అని తేల్చేసేవారు చాలామంది. ఆ తీర్పు తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే ఇంజిను లోపలికి వెళ్లి నాలుగు లెక్కలు వేయక తప్పదు. ఆ లెక్కలు వేస్తే ఈ మిడిల్‌వెయిట్ తరగతి, అంటే మధ్యస్థ పరిమాణపు ఇంజినున్న, బైకులు గత పాతికేళ్లలో ఎటు నడిచాయో, ఎందుకు నడిచాయో కూడా తెలుస్తుంది.

మొదటి లెక్క టార్క్‌ది. టార్క్ అంటే క్రాంక్‌షాఫ్ట్‌ను, అంటే పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసును, ఇంజిను ఎంత బలంగా తిప్పుతోందన్నది. ఆ బలాన్ని తిరిగే వేగంతో గుణిస్తే శక్తి వస్తుంది. ఆర్6 తన గరిష్ఠ శక్తిని నిమిషానికి 14,500 చుట్ల దగ్గర ఇస్తుంది. ఆ క్షణాన దాని టార్క్ సుమారు 57 న్యూటన్ మీటర్లు. ఆర్7 గరిష్ఠ శక్తి 8,750 చుట్ల దగ్గర. అక్కడ దాని టార్క్ సుమారు 59. అంటే క్రాంక్‌ను తిప్పే బలం రెండింటిలోనూ దాదాపు సమానం. ఒకటి ఆ బలంతో నిమిషానికి 5,750 చుట్లు ఎక్కువ తిరుగుతోంది, అంతే. నలభై అయిదు హార్స్‌పవర్ తేడా మొత్తం ఆ అదనపు చుట్లలోనే ఉంది.

సిలిండర్లలో పెట్రోలు మండి పిస్టన్‌ను నెట్టే పీడనం సంగతి కూడా ఇలాగే ఉంటుంది. గరిష్ఠ టార్క్‌ను ఇంజిను పరిమాణంతో భాగిస్తే ఆర్6కు లీటరుకు 103 న్యూటన్ మీటర్లు, ఆర్7కు 97 వస్తాయి. ఆరు శాతం తేడా. ఇరవై ఏళ్ల రేసింగ్ అనుభవాన్ని రంగరించి చేసిన ఇంజినుకూ, రోజూ రోడ్డు మీద తిరగడానికి చేసిన ఇంజినుకూ గాలిని పీల్చి మండించే పనితనంలో ఉన్న అంతరం ఇంతే. గాలి, పెట్రోలు కలిసి మండితే వచ్చే పీడనానికి ప్రకృతి గీసిన హద్దు ఒకటుంది. టర్బో వంటి బయటి సాయం లేకుండా దాన్ని దాటడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ఎక్కువ శక్తి కావాలనుకున్న ఇంజినీరుకు మిగిలే దారి ఒక్కటే, చుట్లు పెంచడం.

మరి ఆర్7ను కూడా 14,500 చుట్లు తిప్పవచ్చు కదా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. దానికి జవాబు పిస్టన్ దగ్గర ఉంది.

ఆర్6లో ఒక్కో సిలిండరు వ్యాసం 67 మి.మీ., పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, అంటే స్ట్రోక్, 42.5 మి.మీ. ఆర్7లో వ్యాసం 80 మి.మీ., స్ట్రోక్ 68.6 మి.మీ. క్రాంక్ ఒక్కసారి తిరిగితే పిస్టన్ స్ట్రోక్‌కు రెండింతల దూరం వెళ్లివస్తుంది. దాన్ని సెకనుకు ఎన్ని చుట్లో దానితో గుణిస్తే పిస్టన్ సగటు వేగం తెలుస్తుంది. గరిష్ఠ శక్తి దగ్గర ఆర్6 పిస్టన్ సగటు వేగం సెకనుకు 20.5 మీటర్లు. ఆర్7 పిస్టన్ సగటు వేగం సెకనుకు 20 మీటర్లు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన చూస్తే ముచ్చటేస్తుంది. ఒకటి గొంతు చించుకుని అరిచే నాలుగు సిలిండర్ల ఇంజిను, రెండోది నింపాదిగా దడదడలాడే రెండు సిలిండర్ల ఇంజిను. చెవికి వాటి మధ్య పోలికే లేదు. లోపల పిస్టన్ మాత్రం రెండింటిలోనూ ఒకే వేగంతో పరుగెడుతోంది. ఎందుకంటే పిస్టన్ రింగులు సిలిండరు గోడను రాసుకునే వేగానికీ, వాల్వ్‌ల గుండా గాలి దూసుకొచ్చే వేగానికీ, ఆ రాపిడిలో ఆయిలు పొర నిలబడే తీరుకూ ఉన్న పరిమితులు అందరికీ ఒక్కటే. చుట్లు పెరగాలంటే స్ట్రోక్ తగ్గాలి. స్ట్రోక్ తగ్గినా పరిమాణం తగ్గకూడదంటే పిస్టన్ వెడల్పు కావాలి, లేదా సిలిండర్ల సంఖ్య పెరగాలి. ఆర్6 ఈ రెండో పని చేసింది. దాని నాలుగు పిస్టన్ల తలల వైశాల్యం కలిపితే 141 చదరపు సెంటీమీటర్లు. ఆర్7లో రెండూ కలిపి 100. సీసీలో చిన్నదైన ఇంజిను పిస్టన్ వైశాల్యంలో నలభై శాతం పెద్దది. ఆ కొలతతో చూస్తే 118కీ 73కీ మధ్య ఉన్న ఎడంలో సింహభాగం అర్థమైపోతుంది. పిస్టన్ వేగం, పీడనం రెండూ హద్దుకు చేరాక శక్తిని తేల్చేది పిస్టన్ల మొత్తం వైశాల్యమే. ఇంజిను పక్కన ముద్రించే సీసీ అంకె ఆ సంగతి చెప్పదు.

అధిక చుట్ల ఖరీదు

పిస్టన్ సగటు వేగం సమానమే అయినా, పిస్టన్ మీద పడే భారం సమానం కాదు. పిస్టన్ ప్రతి చుట్టులో రెండుసార్లు పూర్తిగా ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ పరుగందుకోవాలి. ఆ ఆగడం, అందుకోవడం ఎంత తక్కువ సమయంలో జరిగితే పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ మీద లాగుడు అంత ఎక్కువ. ఇది చుట్ల వేగపు వర్గంతో పెరుగుతుంది. కనెక్టింగ్ రాడ్ వాలు వల్ల వచ్చే అదనాన్ని పక్కనపెట్టి లెక్కవేసినా, 14,500 చుట్ల దగ్గర ఆర్6 పిస్టన్ ఎదుర్కొనే త్వరణం భూమ్యాకర్షణకు దాదాపు 5,000 రెట్లు. ఆర్7లో అది 2,900 రెట్ల దగ్గరే ఆగుతుంది. అయిదు వేల రెట్లంటే, ఆ క్షణాన పిస్టన్‌లోని ప్రతి గ్రాము లోహం అయిదు కిలోల బరువై రాడ్‌ను పట్టి లాగుతుందన్నమాట. రెండు గ్రాములు తేలికైన పిస్టన్ చేశామని కంపెనీలు గొప్పగా చెప్పుకుంటే దాన్ని ప్రచారంగా కొట్టిపారేయకూడదు. ఆ రెండు గ్రాములు అక్కడ పది కిలోలు.

ఈ లెక్క ఎంత నిక్కచ్చిదో చూపే సంఘటన ఒకటుంది. 2006లో కొత్త ఆర్6 వచ్చినప్పుడు దాని మీటరు మీద ఎర్రగీత, అంటే ఇంజిను చుట్లు దాటకూడని హద్దు, 17,500 దగ్గర మొదలైంది, ప్రకటనల్లోనూ అదే అంకె. ఇంజిను నిజంగా తిరిగేది దాదాపు 16,200 చుట్ల వరకేనని తరువాత తేలింది. యమహా ఆ సంగతి ఒప్పుకుని, అసంతృప్తి చెందిన కొనుగోలుదారుల నుంచి బైకును తిరిగి కొంటామని అమెరికాలో ప్రకటించింది. 16,200 దగ్గర దాని పిస్టన్ సగటు వేగం సెకనుకు 23 మీటర్లు. 17,500 నిజమై ఉంటే 25కు చేరువయ్యేది. పూచీతో అమ్మే రోడ్డు బైకుకు ఆ మధ్య దూరం చిన్నదేమీ కాదు. అంకెను అతిగా చెప్పడం తప్పే. కానీ 16,200 చుట్లు తిరిగే ఇంజినును దుకాణంలో ఎవరికైనా అమ్మగలిగారన్న అసలు ఘనత ఆ గొడవలో మరుగున పడింది.

వాల్వ్‌ల పరిస్థితి ఇంకా కష్టం. 14,500 చుట్ల దగ్గర ఒక్కో వాల్వ్ సెకనుకు 120 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. తెరిచేది కామ్ అనే తిరిగే ఉబ్బెత్తు బిళ్ల, మూసేది స్ప్రింగ్. వాల్వ్ బరువుగా ఉంటే స్ప్రింగ్ దాన్ని సకాలంలో వెనక్కి లాగలేదు. వాల్వ్ కామ్‌ను వదిలి గాలిలో తేలుతుంది, పైకి వస్తున్న పిస్టన్ దానికి తగిలితే ఇంజిను అక్కడితో సరి. స్ప్రింగ్‌ను ఇంకా గట్టిగా పెడితే రాపిడి పెరిగి, సంపాదించిన శక్తి కాస్తా అక్కడే ఖర్చవుతుంది. అందుకే 2006 ఆర్6లో టైటానియం వాల్వ్‌లు పెట్టారు. టైటానియం ఉక్కు కంటే నలభై శాతం తేలిక.

దహన గది రూపం అన్నింటికంటే ఆసక్తికరం. 2008 తరువాతి ఆర్6లో కంప్రెషన్ నిష్పత్తి, అంటే మిశ్రమాన్ని ఎన్నో వంతు చోటులోకి కుదిస్తుందన్నది, 13.1కి 1. ఒక్కో సిలిండరు పరిమాణం దాదాపు 150 సీసీ. అంటే పిస్టన్ పైకి చేరాక గాలి, పెట్రోలు మిశ్రమం మొత్తం పన్నెండున్నర సీసీలోపు చోటులోకి కుక్కుకోవాలి. ఆ చోటు 67 మి.మీ. వెడల్పున పరుచుకుని ఉంటుంది కాబట్టి దాని సగటు ఎత్తు మూడున్నర మిల్లీమీటర్లు. రెండు నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం. స్పార్క్ ప్లగ్ దగ్గర పుట్టిన మంట అంత పలచని పళ్లెంలాంటి సందులో అంచులదాకా పాకాలి. దానికి దొరికే సమయం క్రాంక్ చుట్టులో ఆరో వంతు అనుకుంటే, సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ. ఆర్7లో ఇదే సగటు ఎత్తు ఆరున్నర మిల్లీమీటర్లు, సమయమూ ఎక్కువ, మంటకు ఊపిరి ఆడుతుంది.

అంత పలచని గదిలో మంట అసలు ఎలా పూర్తవుతుందన్న అనుమానం న్యాయమైనదే. ఇంజిను వేగం పెరిగేకొద్దీ లోపలికి వచ్చే గాలి సుడులు కూడా అదే మోతాదులో ఉధృతమవుతాయి, ఆ సుడులు మంటను చీల్చి నలుదిక్కులా విసురుతాయి. మంట వేగం చుట్లతోపాటే పెరుగుతుంది. ప్రకృతి ఈ ఒక్క విషయంలో ఇంజినీరు పక్షాన నిలబడకపోయి ఉంటే వేల చుట్లు తిరిగే పెట్రోలు ఇంజినే ఉండేది కాదు.

రోడ్డు మీద రెండో గేరు

ఇంత కష్టపడి సాధించిన శక్తి ఎక్కడ దొరుకుతుందన్నది వేరే ప్రశ్న. రెండు బైకుల్లోనూ రెండో గేరు వేసి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నట్టు ఊహించుకోవాలి. గేరు పళ్ల నిష్పత్తులను బట్టి లెక్కవేస్తే, అప్పుడు ఆర్6 ఇంజిను దాదాపు 6,000 చుట్లు తిరుగుతుంటుంది, ఆర్7 ఇంజిను 5,500. ఆర్6 గరిష్ఠ టార్క్ 61.7 న్యూటన్ మీటర్లు 10,500 చుట్ల దగ్గర ఉంది. రెండో గేరులో ఆ స్థానానికి చేరేసరికి బైకు గంటకు 105 కిలోమీటర్లు దాటుతుంది. ఆర్7 గరిష్ఠ టార్క్ 67 న్యూటన్ మీటర్లు 6,500 దగ్గరే ఉంది. అదే గేరులో గంటకు 70 కిలోమీటర్లకు అది చేతికందుతుంది.

మూలమలుపు తిరిగి థ్రాటిల్ తెరిచే మనిషికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. ఒక బైకు అక్కడికక్కడే ముందుకు దూకుతుంది. ఇంకొకటి తన సమయం రావాలని ఎదురుచూస్తున్నట్టు సాగి, పదివేల చుట్లు దాటాక ఒక్కసారిగా రూపం మార్చుకుంటుంది. ఆర్6లో మొదటి గేరులోనే గరిష్ఠ శక్తి దగ్గర వేగం గంటకు 110 కిలోమీటర్లు దాటుతుంది. చాలా దేశాల రహదారుల మీద చట్టం ఒప్పుకునే వేగమంతా ఒక్క మొదటి గేరులోనే అయిపోతుందన్నమాట. మిగిలిన అయిదు గేర్లూ రేసు ట్రాక్ కోసమే.

అలాగని టార్క్ ముఖ్యమా, హార్స్‌పవర్ ముఖ్యమా అని ఏళ్ల తరబడి నడుస్తున్న వాదనలో టార్క్ పక్షాన చేరిపోవడం కూడా సరికాదు. వెనుక చక్రాన్ని తిప్పేది క్రాంక్ దగ్గరి టార్క్ కాదు, గేర్లు పెంచి పంపిన టార్క్. ఎక్కువ చుట్లు తిరగగల ఇంజిను అదే రోడ్డు వేగానికి ఎక్కువ నిష్పత్తి ఉన్న గేరు వాడుకోగలదు. రెండు బైకులూ తమ తమ గరిష్ఠ శక్తి దగ్గర ఒకే వేగంతో వెళ్తున్నాయనుకుంటే, క్రాంక్ టార్క్ సమానమైనా ఆర్6 వెనుక చక్రం మీద నెట్టుడు అరవై శాతం ఎక్కువ. ట్రాక్ మీద రైడరు ఎప్పుడూ ఆ ఎగువ చుట్లలోనే ఉంటాడు, కాబట్టి అక్కడ హార్స్‌పవరే మాట్లాడుతుంది. రోడ్డు మీద రైడరు నడిమి చుట్లలో ఉంటాడు, కాబట్టి అక్కడ టార్క్ రేఖ ఎంత ముందుగా లేచిందన్నది మాట్లాడుతుంది. బైకును ఎక్కడ నడుపుతారో చెప్పకుండా ఏది మేలని అడిగితే ఆ ప్రశ్నకు అర్థమే లేదు.

గరిష్ఠ వేగంలో తేడా మాత్రం అనుకున్నంత పెద్దది కాదు. గాలి నిరోధాన్ని ఎదిరించడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. గాలిని చీల్చే ఆకారం సమానమనుకుంటే అరవై శాతం ఎక్కువ శక్తి పదిహేడు శాతం ఎక్కువ వేగాన్ని మాత్రమే ఇస్తుంది. మిగిలినదంతా గాలి మింగేస్తుంది.

నాలుగు సిలిండర్ల ఇంజినుకు తక్కువ చుట్లలో బలం ఎందుకు తక్కువన్నది కూడా చెప్పుకోవాలి. తప్పు సిలిండర్ల సంఖ్యది కాదు. ఎక్కువ చుట్ల దగ్గర గాలి నిండుగా రావాలంటే గాలిని లోపలికి వదిలే వాల్వ్‌ను ముందే తెరవాలి, పొగను బయటికి పంపేదాన్ని ఆలస్యంగా మూయాలి. రెండూ కొంతసేపు కలిసి తెరిచి ఉంటాయి. వేగంగా తిరిగేటప్పుడు బయటికి పోయే పొగ ఊపు కొత్త గాలిని లోపలికి లాగుతుంది కాబట్టి ఈ ఏర్పాటు వరమవుతుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు అదే శాపం. పొగ వెనక్కి వస్తుంది, కొత్త మిశ్రమం మండకుండానే బయటికి జారిపోతుంది. గాలిగొట్టాల పొడవు విషయంలోనూ ఇదే ఇరకాటం ఉంది. వాల్వ్ తెరుచుకున్నప్పుడు పుట్టిన పీడన తరంగం గొట్టం చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి వాల్వ్ మూసుకునే వేళ కావాలి, అప్పుడే అది కాస్త గాలిని అదనంగా లోపలికి తోస్తుంది. వేగంగా తిరిగే ఇంజినుకు పొట్టి గొట్టం, నెమ్మదిగా తిరిగేదానికి పొడవు గొట్టం కావాలి. యమహా 2008లో ఆర్6కు పొడవు మారే గాలిగొట్టాలు పెట్టింది. చుట్లు పెరిగాక గొట్టం పైభాగం విడిపోయి పైకి లేస్తుంది. నడిమి చుట్లలో ఊపిరి పోయడానికి పడిన తపన అది.

క్రాంక్ కోణాలు, చేతికి తెలిసే సంగతులు

సాధారణ నాలుగు సిలిండర్ల క్రాంక్‌లో రెండు పిస్టన్లు పైన ఉంటే రెండు కింద ఉంటాయి. చూడటానికి చక్కని తూకం. కానీ నాలుగూ ఒకే క్షణాన ఆగుతాయి, ఒకే క్షణాన పరుగందుకుంటాయి. ఆగినప్పుడు వాటి చలన శక్తి అంతా క్రాంక్‌లోకి వెళ్తుంది, పరుగందుకునేటప్పుడు క్రాంక్ నుంచి తిరిగి తీసుకుంటాయి. అందువల్ల క్రాంక్ వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. చుట్లు ఎక్కువయ్యేకొద్దీ ఈ ఊగిసలాట పెట్రోలు మండి ఇచ్చే టార్క్‌ను కప్పేసేంత పెద్దదవుతుంది.

ఆర్7, ఏప్రిలియా ఆర్ఎస్ 660 వంటి కొత్త రెండు సిలిండర్ల ఇంజిన్లలో క్రాంక్ పిన్నులను 270 డిగ్రీల ఎడంతో పెట్టారు. ఇక్కడ ఒక పిస్టన్ ఆగిన క్షణాన రెండోది దాదాపు గరిష్ఠ వేగంలో ఉంటుంది. ఒకటి వదిలిన శక్తిని ఇంకొకటి అందుకుంటుంది, క్రాంక్ వేగం నిలకడగా ఉంటుంది. థ్రాటిల్ తెరిచినప్పుడు మంట నుంచి పుట్టిన టార్క్ మాత్రమే, వేరే రొద కలవకుండా, వెనుక టైరుకు చేరుతుంది. వాలిన బైకు మీద టైరు పట్టు ఎంత మిగిలిందో రైడరుకు తెలిసేది ఆ టార్క్ ద్వారానే. యమహా తన గ్రాండ్ ప్రీ బైకు నుంచి 2009లో తన వెయ్యి సీసీ బైకు ఆర్1కు తెచ్చిన నాలుగు సిలిండర్ల క్రాంక్ వెనుక ఉన్నది కూడా ఈ సూత్రమే. పేలుళ్లు 270, 450 డిగ్రీల ఎడంతో వస్తాయి కాబట్టి శబ్దం తొంభై డిగ్రీల వి-ట్విన్ (రెండు సిలిండర్లు వి ఆకారంలో నిలిచిన) ఇంజినులా ఉంటుంది. ఇందుకు చెల్లించే మూల్యం పిస్టన్ల ప్రాథమిక కంపం. దాన్ని అణచడానికి ఎదురు బరువున్న షాఫ్ట్ ఒకటి ఇంజినులో తిరుగుతుండాలి.

మూడు సిలిండర్ల దారి వేరు. 120 డిగ్రీల క్రాంక్‌లో పైకీ కిందికీ కుదిపే బలాలు తమంతట తామే రద్దవుతాయి, ఇంజిను ఒక చివర నుంచి మరో చివరకు ఊగే గుణం మాత్రం మిగులుతుంది, దానికీ ఒక షాఫ్ట్ కావాలి. 2006లో వచ్చిన ట్రయంఫ్ డేటోనా 675 ఈ పద్ధతితోనే నడిమి చుట్ల బలాన్నీ, 12,500 చుట్ల దగ్గర 120కి పైగా హార్స్‌పవర్‌నూ ఒకే బైకులో చూపించింది. ఈ తరగతిలో రోడ్డుకూ ట్రాక్‌కూ సమానంగా న్యాయం చేసిన ఇంజిను ఏదంటే ముందు తలచుకోవలసింది దాన్నే. మూడు సిలిండర్ల ఎంవీ అగస్తా ఎఫ్3లో క్రాంక్‌ను చక్రాలకు వ్యతిరేక దిశలో తిప్పారు. చక్రాల బొంగరపు పట్టును అది కొంత తగ్గించి, బైకు ఒక పక్క నుంచి మరో పక్కకు త్వరగా వాలేలా చేస్తుంది.

ఫ్రేము, బ్రేకులు

కొలతలు చూస్తే ఆర్6 వీల్‌బేస్, అంటే రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం, 1,375 మి.మీ., ఆర్7ది 1,395. ముందు చక్రాన్ని పట్టే ఫోర్క్ వాలు ఒకదానికి 24 డిగ్రీలు, మరొకదానికి అంతకు కొంచెం తక్కువ. ఈ అంకెల్లో పెద్ద భేదమేమీ లేదు. భేదమంతా ఫ్రేములో ఉంది. ఆర్6ది ఇంజినుకు రెండు పక్కలా సాగే వెడల్పాటి అల్యూమినియం దూలాల ఫ్రేము, ఆర్7ది ఉక్కు గొట్టాల ఫ్రేము.

ఫ్రేము ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని చాలాకాలం నమ్మారు. బ్రేకు పట్టినప్పుడు అది నిజమే. మలుపులో కాదు. బైకు 45 డిగ్రీలు వాలితే మలుపు వల్ల పక్కకు తోసే బలం బరువుకు సమానం. 50 డిగ్రీలకు అది 1.2 రెట్లవుతుంది. అంత వాలులో రోడ్డు మీది గతుకు బైకును నేల నుంచి నిలువుగా కొడుతుంది, సస్పెన్షన్ మాత్రం బైకుతోపాటు వాలి ఉండి ఏటవాలుగానే కదలగలదు. గతుకులో మిగిలిన భాగాన్ని మింగాల్సింది టైరు, ఫోర్క్ గొట్టాలు, వెనుక చక్రాన్ని పట్టే స్వింగ్‌ఆర్మ్, ఫ్రేములే. పక్కకు కొద్దిగా వంగే గుణం లేని ఫ్రేము వాలులో టైరును నేల మీద గెంతిస్తుంది. అందుకే మంచి ఫ్రేమును బ్రేకు దిశలో బిగువుగా, పక్క దిశలో కాస్త లొంగేలా చేస్తారు. లోహం మందాన్ని ఎక్కడ ఎంత ఉంచాలన్నది ఇంజిను ట్యూనింగ్ కంటే కష్టమైన విద్య. 2003 హోండా సీబీఆర్600ఆర్ఆర్‌లో వెనుక షాక్ పైకొనను ఫ్రేముకు కాకుండా స్వింగ్‌ఆర్మ్‌కే బిగించడం కూడా, ఫ్రేమును షాక్ దెబ్బల నుంచి తప్పించి దాని వంగే గుణాన్ని స్వేచ్ఛగా తీర్చిదిద్దుకోవడానికే.

బ్రేకుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆర్6 ముందు డిస్కులు 320 మి.మీ., ఆర్7వి 298. పొడి రోడ్డు మీద ఆగే దూరాన్ని నిర్ణయించేది డిస్కు వ్యాసం కాదు, వెనుక చక్రం గాలిలోకి లేచే క్షణం. ఇంత పొట్టి వీల్‌బేస్ ఉన్న బైకు ఏదైనా భూమ్యాకర్షణకు కాస్త అటూ ఇటూగా సమానమైన మందగమనం దగ్గర వెనుక చక్రాన్ని ఎత్తేస్తుంది. పెద్ద డిస్కు ఇచ్చే మేలు వేడిని తట్టుకోవడం. ట్రాక్ మీద ఇరవై చుట్ల తరువాత కూడా లివరు మొదటి చుట్టులో ఉన్నట్టే ఉంటుంది.

నాలుగు సిలిండర్లు ఎందుకు తగ్గాయి

నాలుగు సిలిండర్ల 600 తరగతిని రోడ్డు మీద నుంచి తప్పించింది అభిరుచి మార్పు ఒక్కటే కాదు, వాల్వ్‌లు కలిసి తెరిచి ఉండే ఆ కాసేపు కూడా. మండకుండా బయటికి జారిన పెట్రోలు పొగలో హైడ్రోకార్బన్లుగా తేలుతుంది. ఐరోపాలో 2016లో మొదలైన యూరో 4 ప్రమాణం వేగవంతమైన మోటార్‌సైకిళ్లకు కిలోమీటరుకు 0.17 గ్రాముల హైడ్రోకార్బన్లను అనుమతించింది. 2020లో వచ్చిన యూరో 5 దాన్ని 0.10 గ్రాములకు కుదించింది. ఎక్కువ చుట్ల కోసం పుట్టిన కామ్‌లతో ఆ గీతను దాటించాలంటే ఇంజినును మళ్లీ మొదటి నుంచి చేయాలి. అంత ఖర్చుకు తగినన్ని బైకులు అమ్ముడుపోవని లెక్క తేలింది. 2020తో ఐరోపాలో రోడ్డు ఆర్6 ఆగిపోయింది, ట్రాక్ కోసం అమ్మే రూపం మాత్రం మిగిలింది.

లైసెన్సు నిబంధనలూ ఇంజిను అంకెలను శాసించాయి. ఐరోపాలో ఏ2 లైసెన్సున్న యువ రైడరు 35 కిలోవాట్లకు మించని బైకే నడపాలి. ఎక్కువ శక్తి ఉన్న బైకును తగ్గించి ఇవ్వవచ్చు కానీ దాని అసలు శక్తి 70 కిలోవాట్లు దాటకూడదు. ఆర్7ది 54 కిలోవాట్లు. 2024లో వచ్చిన ట్రయంఫ్ డేటోనా 660ది సరిగ్గా 95 హార్స్‌పవర్, అంటే 70 కిలోవాట్లు. ఆ అంకె దగ్గరే ఎందుకు ఆగిందో ఇంజినులో వెతికితే దొరకదు, లైసెన్సు పుస్తకంలో దొరుకుతుంది. 2020లో 100 హార్స్‌పవర్‌తో వచ్చిన ఏప్రిలియా ఆర్ఎస్ 660కి 95 హార్స్‌పవర్ రూపం కూడా ఉండటానికి కారణం అదే.

రేసింగ్ కూడా అదే బాట పట్టింది. 2010 నుంచి 2018 వరకు మోటోజీపీకి కింది తరగతి రేసింగైన మోటో2 బైకులన్నీ హోండా 600 నాలుగు సిలిండర్ల ఇంజినుతో పరుగెత్తాయి. 2019 నుంచి ట్రయంఫ్ 765 మూడు సిలిండర్ల ఇంజిను వచ్చింది. రోడ్డు బైకుల ఆధారంగా నడిచే వరల్డ్ సూపర్‌స్పోర్ట్ పోటీల్లో 2022 నుంచి పెద్ద ఇంజిన్లున్న రెండు, మూడు సిలిండర్ల బైకులను కూడా సమతూకం చేసే నిబంధనలతో అనుమతించారు. ఆ మొదటి ఏడాది టైటిల్ ఇంకా ఆర్6దే అయింది, మరుసటి ఏడాది డుకాటీ వి2 అందుకుంది. ఆ డుకాటీయే 2025కు రోడ్డు పానిగాలే వి2ను పూర్తిగా మార్చేసింది. 955 సీసీ, 155 హార్స్‌పవర్ ఇంజిను తీసేసి 890 సీసీ, 120 హార్స్‌పవర్ ఇంజిను పెట్టింది. దశాబ్దాలుగా తన గుర్తుగా నిలిచిన, వాల్వ్‌ను స్ప్రింగ్‌తో కాక కామ్‌తోనే మూసే డెస్మో పద్ధతిని వదిలి మామూలు స్ప్రింగులు వాడింది. బదులుగా దక్కింది చాలా తేలికైన బైకు, నడిమి చుట్లలో నిండైన టార్క్. ముప్పై అయిదు హార్స్‌పవర్‌ను తనంతట తానే వదులుకోవడం స్పోర్ట్ బైకుల లోకంలో చిన్న నిర్ణయం కాదు, అది సరైన నిర్ణయం.

అయినా ఎక్కువ చుట్ల నాలుగు సిలిండర్ల 600 పూర్తిగా పోలేదు. పోకూడదు కూడా, 42.5 మి.మీ. స్ట్రోక్‌తో ఏం సాధించవచ్చో చూపిన ఇంజిను వేరే లేదు. హోండా సీబీఆర్600ఆర్ఆర్ 2024లో ఐరోపా మార్కెట్‌కు తిరిగి వచ్చింది, కాలుష్య ప్రమాణాలకు లోబడి, ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌తో, 121 హార్స్‌పవర్‌తో. ఆ శక్తి 14,250 చుట్ల దగ్గర ఉంది. అక్కడ దాని పిస్టన్ సగటు వేగం సెకనుకు 20.2 మీటర్లు.